రాణి బొమ్మ గీసిన చేయి

రాజుల బొమ్మలు చూసేటప్పుడు మనం ముందుగా ఏం చూస్తాం? మొహమే చూస్తామనుకుంటాం. కానీ నిజానికి మన కళ్లు ముందు వాలేది నగల మీద, బట్టల మీద. ఆ తర్వాత వెనకాల ఎత్తాటి స్తంభం, పక్కన కుచ్చిళ్లుగా జారిన మఖమలు తెర, బల్ల మీద దిండు, ఆ దిండు మీద కిరీటం. ఇవన్నీ దాటుకుని మొహం దగ్గరికి వచ్చేసరికి మనకి తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడి ఉంటాం. బొమ్మ గీయించుకున్నవాళ్లకి కావలసిందీ అదే కదా!

ఈ విద్యలో ఆరితేరిన ఒక ఆడమనిషి గురించి చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆమె పేరు ఎలిజబెత్ విజే లెబ్రన్. ఫ్రెంచి విప్లవంలో తల పోగొట్టుకున్న మేరీ ఆంటొనెట్ రాణి బొమ్మ మనకి చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది చూడండి, చాలామటుకు అది ఈమె చేతిలో తయారైన మొహమే. చిత్రమేమిటంటే ఇద్దరూ పుట్టింది 1755లోనే. ఎలిజబెత్ ఏప్రిల్‌లో పారిస్‌లో పుడితే, మేరీ ఆంటొనెట్ నవంబర్‌లో వియన్నా రాజభవనంలో పుట్టింది. ఒకరు పేరుకోసం, పొట్టకోసం కుంచె పట్టుకున్నారు. మరొకరు రాజ్యాల మధ్య పొత్తు కోసం పద్నాలుగేళ్లకే పెళ్లిపీటల మీద కూర్చున్నారు.

సంపాదన ఆమెది, సంచి వాళ్లది

ఎలిజబెత్ తండ్రి లూయీ విజే కూడా చిత్రకారుడే. రంగు సుద్దలతో మనుషుల బొమ్మలు వేసేవాడు. తల్లి జుట్టు అలంకరించే పని చేసేది. ఆరేళ్ల పిల్లని కాన్వెంటులో వేస్తే అక్కడ గోడల మీద, పుస్తకాల అంచుల మీద బొమ్మలు గీసి తిట్లు తినేదిట. బిడ్డ చేతిలో ఏముందో ముందు కనిపెట్టినవాడు తండ్రే. కానీ ఆమెకి పన్నెండేళ్లు వచ్చేసరికి ఆయన పోయాడు.

ఇంట్లో తల్లి, చిన్న తమ్ముడు. పదిహేనేళ్లు నిండీ నిండకముందే ఎలిజబెత్ బొమ్మలు గీసి ఇల్లు నడపడం మొదలుపెట్టింది. తల్లి ఒక నగల వ్యాపారిని మళ్లీ పెళ్లి చేసుకుంది. డబ్బున్నవాడే. కానీ పిల్ల సంపాదనంతా తనే పట్టుకుపోయేవాడు. పైగా చనిపోయిన తండ్రి బట్టలే ఆ మారుతండ్రి తొడుక్కుని తిరిగేవాడని ఎలిజబెత్ తన జ్ఞాపకాల్లో రాసుకుంది. డబ్బు పోయినదానికంటే ఆ బట్టల సంగతే ఆమెని ఎక్కువ బాధపెట్టినట్టుంది. ఆడపిల్లలకి ఈ మాట వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

1774లో ఇంకో దెబ్బ. చిత్రకారుల సంఘంలో చేరకుండా, లైసెన్సు లేకుండా బొమ్మలు గీసి అమ్ముతోందని అధికారులు ఆమె పనిగదిలోని సామానంతా జప్తు చేశారు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆ ఏడే సెయింట్ ల్యూక్ అకాడమీలో సభ్యత్వం తీసుకుంది.

1776లో పెళ్లయింది. భర్త జాన్ బాప్టిస్ట్ పియెర్ లెబ్రన్ పాత చిత్రాల వ్యాపారి. పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలు ఆయన దగ్గరికి అమ్మకానికి వచ్చేవి. వాటిని చూసి, నకలు చేసుకుని ఆమె చాలా నేర్చుకుంది. అది లాభం. నష్టమేమిటంటే ఆయనకి జూదం ఉంది, ఇతర వ్యసనాలూ ఉన్నాయి. ఆమె సంపాదించిన ప్రతి పైసా ఆయన చేతిలోకే వెళ్లేది. మారుతండ్రి పోయి మొగుడు వచ్చాడు, అంతే తేడా!

బొమ్మలో హోదా ఎక్కడుంటుంది?

ఇక్కడ కాస్త ఆగి రాజుల బొమ్మల సంగతి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఫోటోలు లేవు, టీవీలు లేవు. పక్క రాజ్యంలోవాళ్లకి, రాయబారులకి, దూరపు ఊళ్ల జనానికి రాజంటే ఆయన బొమ్మే. రాజు లేనిచోట ఆ బొమ్మే రాజు. దానికి వీపు చూపించి నిలబడటం కూడా మర్యాద కాదనుకునేవారు. అందుకే అలాంటి బొమ్మకి ఒక పద్ధతి ఏర్పడింది.

1701లో రిగో అనే చిత్రకారుడు పద్నాలుగో లూయీని గీసిన బొమ్మ ఈ పద్ధతికి పెద్దబాలశిక్ష వంటిది. తొమ్మిదడుగుల ఎత్తు. రాజు నిలువెత్తున నిలబడి మనల్ని పైనుంచి చూస్తుంటాడు. బంగారు లిల్లీ పూలు కుట్టిన నీలం అంగీ, దాని లోపలివైపు తెల్లటి బొచ్చు. ఆ బొచ్చు ఎర్మిన్ అనే చిన్న జంతువుది. చలికాలంలో మాత్రమే అది తెల్లగా మారుతుంది, తోక కొస నల్లగానే ఉంటుంది. ఆ నల్లటి చుక్కలు లెక్కపెడితే ఆ అంగీ కోసం ఎన్ని ప్రాణాలు పోయాయో తెలుస్తుంది. ఎర్రమడమల జోళ్లు, తెల్లటి మేజోళ్లు, వెనక స్తంభం, పైన ఎర్రటి తెర. అప్పటికి రాజుకి అరవై దాటాయి. కాళ్లు మాత్రం కుర్రవాడివి!

మన పాత ఫోటో స్టూడియోలు గుర్తున్నాయా? వెనకాల రంగులేసిన తెర, దాని మీద స్తంభాలూ మెట్లూ. పక్కన పొడుగుకాళ్ల స్టాండు మీద పూలకుండీ. దాని మీద ఒక చెయ్యి ఆనించి, పట్టుచీర కుచ్చిళ్లు పాదాల దగ్గర పరిచి నిలబడిన మా అమ్మమ్మ ఫోటో మా ఇంట్లో ఉంది. చిన్న పల్లెలో పుట్టి పెరిగిన మనిషి వెనకాల ఆ రాతి స్తంభం ఎందుకొచ్చిందో నాకు చాన్నాళ్లు అర్థమయ్యేది కాదు. రాజుల బొమ్మల గురించి చదివాక తెలిసింది, అది ఎక్కడెక్కడో తిరిగి మా ఊరి స్టూడియో దాకా వచ్చిందని.

తల్లికి పంపిన బొమ్మ

మేరీ ఆంటొనెట్ తల్లి మరియా థెరీసా ఆస్ట్రియాని ఏలిన మహారాణి. కూతురి బొమ్మ ఒకటి పంపమని ఎన్నోసార్లు అడిగింది. వచ్చినవేవీ ఆవిడకి నచ్చలేదు. చివరికి 1778లో ఆ పని ఎలిజబెత్‌కి వచ్చింది. అప్పటికి ఆమెకి 23 ఏళ్లు.

రాణిది కాస్త పొడుగాటి మొహం, కింది పెదవి ముందుకి ఉంటుంది. అది ఆస్ట్రియా రాజవంశపు పోలిక. ఎలిజబెత్ ఆ పోలిక చెరిపెయ్యలేదు, మెత్తబరిచింది. చూపంతా రాణి మేనిఛాయ మీద, తల నిలుపుకునే తీరు మీద పడేలా చేసింది. తెల్లటి శాటిన్ గౌను, నడుముకి రెండుపక్కలా బుట్టలు కట్టినట్టు విశాలంగా పరుచుకుని ఉంటుంది. అలాంటి గౌను వేసుకున్న మనిషి పక్కన ఇంకొకరు ఆనుకుని నిలబడలేరు. ఎంత చోటు ఆక్రమిస్తే అంత గొప్ప! బల్ల మీద దిండు, దాని మీద కిరీటం. పైన, రాణి తలకంటే ఎత్తులో, భర్త పదహారో లూయీ పాలరాతి విగ్రహం. కిరీటం ఆమెకి ఎవరివల్ల వచ్చిందో మరిచిపోవద్దని ఆ విగ్రహం చెబుతుంటుంది. ఆ బొమ్మ ఇప్పటికీ వియన్నా మ్యూజియంలోనే ఉంది.

ఆ తర్వాత ఎలిజబెత్ రాణిగారికి బాగా దగ్గరైంది. గీస్తున్నంతసేపూ ఇద్దరూ కలిసి పాటలు పాడుకునేవారట. ఒకసారి నిండు గర్భిణిగా ఉన్నప్పుడు ఒంట్లో బాగాలేక ఎలిజబెత్ చెప్పిన రోజున వెళ్లలేకపోయింది. మర్నాడు భయపడుతూ వెళ్లింది. షికారుకి బయల్దేరబోతున్న రాణి అది మానుకుని బొమ్మకి కూర్చుంది. ఆ కంగారులో రంగుల పెట్టె బోర్లాపడింది. వంగబోతుంటే రాణి ఆపి, తనే కిందికి వంగి కుంచెలన్నీ ఏరి ఇచ్చిందిట. ఇది ఎలిజబెత్ ముసలితనంలో రాసుకున్న ముచ్చట. ఎన్ని స్తంభాలూ తెరలూ గీసినా ఆమె మనసులో నిలిచిపోయిన రాణి ఈ రాణే అనిపిస్తుంది నాకు.

మల్లు గుడ్డ తెచ్చిన తంటా

1783లో పారిస్‌లో పెద్ద చిత్రకళా ప్రదర్శన. ఎలిజబెత్ అందులో రాణి బొమ్మ ఒకటి పెట్టింది. తెల్లటి సన్నని మస్లిన్ గౌను, నడుముకి ఒక పట్టీ, తలమీద గడ్డి టోపీ, చేతిలో గులాబీ. నగలు లేవు, కిరీటం లేదు, స్తంభం లేదు. తన తోటలో తీరికగా ఉన్నప్పుడు రాణి నిజంగా కట్టుకునే బట్టలవి. మల్లు గుడ్డ సంగతి మనకి కొత్తా! అలాంటి సన్నని నేత మన దేశం నుంచే యూరప్ వెళ్లి పేరు తెచ్చుకుంది.

జనం మాత్రం భగ్గుమన్నారు. రాణిని లోపలి బట్టలతో గీస్తారా అన్నారు. ఫ్రాన్సు పట్టు మానేసి పైదేశపు నూలు కట్టుకుంటే లియాన్ పట్టు నేతవాళ్ల గతేమిటన్నారు. ఎంతైనా పరాయిదేశపు పిల్లేగా అని దెప్పారు. బొమ్మ ప్రదర్శన నుంచి దించెయ్యక తప్పలేదు. ఎలిజబెత్ గబగబా ఇంకోటి గీసింది. అదే నిలువు, అదే చూపు, అదే గులాబీ. బట్టలు మాత్రం నీలం పట్టు, లేసులు, మెడలో ముత్యాలు. అందరూ శాంతించారు!

నవ్వొస్తుంది గానీ, ఆలోచించండి. మన ఇళ్లలో పెళ్లికూతురి తల్లి పెళ్లినాడు మామూలు నూలుచీర కట్టుకొస్తే ఊరుకుంటామా? ఆమెకేం లోటని గుసగుసలు పోతాం. పెద్ద హోదాలో ఉన్న ఆడదాని ఒంటిమీది బట్ట ఆమెది కాదు, చూసేవాళ్లది. రెండు బొమ్మల్లోనూ మొహం ఒకటే. ఒకదాన్ని దించేసి, రెండోదానికి దణ్ణం పెట్టారంటే మొహాన్ని ఎవరు చూసినట్టు?

ఆ ఏడే మే 31న ఎలిజబెత్‌కి రాయల్ అకాడమీలో చోటు దొరికింది. అదీ తేలిగ్గా రాలేదు. భర్త చిత్రాల వ్యాపారి కాబట్టి ఆమెని తీసుకోకూడదని పెద్దలు అడ్డుపడ్డారు. రాణి చెబితే, రాజు కలగజేసుకుంటే పని జరిగింది. అకాడమీలో ఆడవాళ్లు నలుగురికి మించకూడదని నియమం. అదేరోజు అడిలాయిడ్ లబీ గియార్ అనే మరో చిత్రకారిణి కూడా చేరింది. ఇద్దరి బొమ్మలూ ఎవరో మగవాళ్లు గీసిపెట్టినవేనని పుకార్లు పుట్టించారు. ఇద్దరి మధ్యా పోటీ ఉందని కథలు అల్లారు. ఆడవాళ్ల నమూనా తరగతుల సంగతి సరేసరి. మనిషి ఒంటి నిర్మాణం చూసి నేర్చుకునే తరగతుల్లోకి వాళ్లని రానిచ్చేవారు కాదు. పురాణకథల పెద్ద చిత్రాలకి ఆ చదువు కావాలి. అందుకే చాలామంది ఆడవాళ్లు మొహాలు గీసే పనిలోనే మిగిలిపోయారు.

ఖాళీ ఉయ్యాల

1785లో వజ్రాల హారం గొడవ వచ్చింది. రాణి పేరు చెప్పుకుని కొందరు మోసగాళ్లు దాదాపు 16 లక్షల లీవర్ల ఖరీదైన హారం కాజేశారు. రాణికి ఏ పాపమూ తెలియదు. అయినా నిందంతా ఆమె నెత్తినే పడింది. ఖజానా లోటుకి కూడా ఆమే కారణమన్నారు. ఆ పేరు పోగొట్టాలని రాజభవనం వాళ్లు ఎలిజబెత్‌కి ఒక పెద్ద బొమ్మ అప్పగించారు. రాణిని తల్లిగా చూపించాలి.

తొమ్మిదడుగుల ఎత్తు బొమ్మ. ఎర్రటి మఖమలు గౌనులో రాణి కూర్చుని ఉంటుంది. మెడలో హారం లేదు. కావాలనే వెయ్యలేదన్నమాట! ఒళ్లో చిన్న కొడుకు, భుజానికి ఆనుకుని పెద్ద కూతురు, రెండోపక్క యువరాజు. వెనక నీడలో నగల బీరువా. పూర్వం రోములో కొర్నీలియా అనే తల్లి, నీ నగలు చూపించమంటే తన పిల్లల్ని చూపించిందిట. ఆ కథ తెలిసినవాళ్లకి ఈ బొమ్మ అర్థం వెంటనే తెలిసిపోతుంది.

యువరాజు ఒక ఉయ్యాలతొట్టి వైపు చూపిస్తుంటాడు. తొట్టి ఖాళీ. రాణి చివరి కూతురు సోఫీ 1787 జూన్‌లో, ఏడాది నిండకుండానే పోయింది.

ఆ ఆగస్టులో ప్రదర్శన తెరిచేనాటికి జనం ఏం చేస్తారోనన్న భయంతో బొమ్మని తీసుకురాలేదు. గోడమీద ఖాళీ చట్రం మాత్రం ఉంది. ఖజానా లోటంటే ఇదేనని ఆ చట్రాన్ని చూసి ఎవరో వెక్కిరించారట. తర్వాత బొమ్మ తెచ్చి పెట్టారు. చిత్రకారిణికి మెప్పు వచ్చింది. రాణికి మాత్రం జాలి కూడా దక్కలేదు. బిడ్డ పోయిన తల్లిని చూసి కూడా కరగనంత దూరం వెళ్లిపోయాయి మనసులు. ఆకలితో ఉన్న జనానికి తొమ్మిదడుగుల మఖమలు ఏం సమాధానం చెబుతుంది!

అదే ప్రదర్శనలో ఎలిజబెత్ తన కూతురు జూలీని ఒళ్లో పెట్టుకున్న బొమ్మ కూడా ఉంది. అందులో ఆమె పెదవులు కొంచెం విడి, పళ్లు కనిపిస్తాయి. దానికీ గొడవే! గొప్పింటివాళ్లు బొమ్మల్లో పళ్లు చూపించరు మరి. ఇవాళ ఫోటోకి నవ్వమని అడుగుతున్నాం గానీ, అప్పట్లో నోరు మూసుకోవడమే హోదా.

మరుసటి ఏడు, 1788లో, మైసూరు నుంచి టిప్పు సుల్తాన్ రాయబారులు పారిస్ వచ్చారు. మైసూరు ఏలుబడి అప్పుడు మన రాయలసీమ దాకా ఉండేది. వాళ్లలో మహమ్మద్ దర్వేష్ ఖాన్‌ని చూసి ఎలిజబెత్ ముచ్చటపడింది. ఆయన బొమ్మ గీయించుకోనంటే, రాజుచేత చెప్పించి ఒప్పించింది. కత్తి మీద చెయ్యి వేసి నిలబడిన నిలువెత్తు బొమ్మ. తమ రాజుల బొమ్మలకి ఇచ్చే ఎత్తూ ఠీవీ ఆయనకీ ఇచ్చింది. 2019లో న్యూయార్క్ వేలంలో అది 70 లక్షల డాలర్లు దాటింది.

కుంచె ఒక్కటే తోడు

1789 జూన్‌లో యువరాజు కూడా జబ్బుచేసి పోయాడు. ఆ పెద్ద బొమ్మ ముందునుంచి నడవలేక రాణి దాన్ని తీయించేసిందిట. అలా మరుగున పడింది కాబట్టే తర్వాతి అల్లర్లలో అది బతికి బయటపడిందని ఎలిజబెత్ రాసింది.

అక్టోబర్ 6న పారిస్ జనం రాజకుటుంబాన్ని వెర్సాయి నుంచి నగరానికి లాక్కొచ్చారు. రాణి స్నేహితురాలన్న పేరు ఎలిజబెత్‌కి ప్రాణాపాయమైంది. ఆ రాత్రే ఆమె పనిమనిషిలా బట్టలు కట్టుకుని, తొమ్మిదేళ్ల జూలీని, పిల్లని చూసే ఆవిడని తీసుకుని అద్దె బండెక్కింది. బట్టలతో హోదా కట్టిన మనిషి, బట్టలతోనే హోదా దాచుకుని పారిపోయింది.

తర్వాత పన్నెండేళ్లు పరాయి దేశాలే. రోము, ఫ్లోరెన్సు, నేపుల్సు, వియన్నా, సెయింట్ పీటర్స్‌బర్గ్. ఎక్కడికెళ్లినా పని దొరికింది. ఈసారి సంపాదన ఆమె చేతికే వచ్చింది! ఫ్లోరెన్సువాళ్లు ఆమె బొమ్మ ఆమెనే గీసిమ్మంటే, కుంచె పట్టుకుని పని చేసుకుంటున్నట్టు గీసింది. ఆ బొమ్మలో ఆమె ముందున్న తెర మీద కనిపించేది మేరీ ఆంటొనెట్ మొహం. అది 1790. రాణి అప్పటికే బందీలాంటి బతుకు బతుకుతోంది. స్నేహం ఎంత ప్రమాదమో తెలిసీ అలా గీసిందంటే ఆ ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేను.

రష్యాలో కాథరిన్ మహారాణి మనవరాళ్ల బొమ్మ గీస్తే, చేతులు బోసిగా ఉన్నాయని ఆవిడకి నచ్చలేదు. పొడుగు చేతులు అతికించి గీయాల్సి వచ్చింది. ఏ దేశమైనా రాచపిల్లలకి ఇదే బాధ!

1793 అక్టోబర్ 16న మేరీ ఆంటొనెట్‌ని చంపేశారు. 1794లో భర్త ఎలిజబెత్‌కి విడాకులిచ్చాడు. ఆస్తి కాపాడుకోవడానికే అన్నారు. ఆ పెద్ద బొమ్మలోని ఒళ్లో పిల్లాడు 1795లో జైల్లో పదేళ్లకే పోయాడు. నలుగురు పిల్లల్లో మిగిలింది పెద్దకూతురొక్కతే. ఎలిజబెత్ రాణిగారి మొహం జ్ఞాపకం తెచ్చుకుని ఒక బొమ్మ గీసి ఆ అమ్మాయికి పంపింది. ఎదురుగా కూర్చోవడానికి మనిషి లేదు, కిరీటం లేదు, రాజ్యమే లేదు. ఆ బొమ్మ ఎవరి హోదా పెంచడానికీ కాదు. తల్లి లేని పిల్లకి తల్లి మొహం చూపించడానికి.

సొంత కూతురితో మాత్రం ఆమెకి సుఖం లేదు. జూలీ రష్యాలో తల్లికి ఇష్టంలేని పెళ్లి చేసుకుంది. ఆ ఎడం పూర్తిగా పూడనేలేదు. 1819లో జూలీ తల్లికంటే ముందే పోయింది.

రెండు వందల యాభైమందికి పైగా కళాకారులు సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే, దేశం విడిచినవాళ్ల జాబితా నుంచి ఎలిజబెత్ పేరు తీసేశారు. 1802లో పారిస్ చేరింది. నెపోలియన్ చెల్లెలు కారొలీన్ బొమ్మ గీయమన్నారు. ఆవిడ చెప్పిన వేళకి వచ్చేది కాదు, వచ్చినప్పుడల్లా తల దువ్వుకునే తీరు మార్చేసేది. ఎలిజబెత్ విసిగిపోయింది. పుట్టుకతో రాణులైనవాళ్లు తనని ఎప్పుడూ కాచుకోబెట్టలేదని ఆమె బాధ.

ఆమె 1842 మార్చి 30న, 86 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మనుషుల బొమ్మలే ఆరువందలకి పైగా గీసిందంటారు. అయినా ఆమె బొమ్మలన్నీ ఒక్కచోట చేర్చి ఫ్రాన్సులో పెద్ద ప్రదర్శన పెట్టింది 2015లో! విప్లవం పాత అకాడమీని రద్దు చేసి, సమానత్వం పేరుతో కొత్త సంస్థ పెట్టింది. అందులో ఆడవాళ్లకి ఆ నలుగురి చోటు కూడా మిగల్లేదు. ప్రభుత్వ చిత్రకళాశాలలో ఆడపిల్లలకి ప్రవేశం దొరికింది 1897లో.

ఎలిజబెత్ రాజులవైపు మనిషి. జనం ఆకలి ఆమె బొమ్మల్లోకి రాలేదు. ఆ మాట దాచక్కర్లేదు. అయినా ఈసారి ఎక్కడైనా పుస్తకంలో ఆ పెద్ద బొమ్మ కనిపిస్తే ఎర్ర మఖమలు దగ్గర ఆగిపోకండి. కుడిపక్కన ఆ తొట్టి దాకా వెళ్లి చూడండి. హోదా చాటడానికి గీయించిన బొమ్మలో ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి దుఃఖానికి అంత చోటిచ్చింది.